అందరికీ ఒకటే బ్రహ్మాండం

మా మామయ్య కటింగ్ మాస్టరు. చేతిలో కత్తెర ఉన్నంతసేపూ ఆయనంత మొనగాడు లేడు. కత్తెర కింద పెట్టి మనుషుల వైపు తిరిగాడంటే ఆయనంత పిరికివాడూ లేడు. ఆయనింట్లో తిని ఆయన కార్ఖానాలో తిరిగే మేనల్లుణ్ణి కాబట్టి ఇంత సూటిగా అంటున్నాను. ఆయన దగ్గర పనిచేసేవాళ్లు మర్యాదస్తులు, "మా మాస్టరు మెత్తన" అని సరిపెడతారు.

ఆయన కార్ఖానా ఒక పొడవాటి గది. వీధివైపు రెండు కిటికీలు, గోడల వెంట వరసగా కుట్టుమిషన్లు, నడిమధ్య కత్తిరింపు బల్ల. ఆ బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ తాను విప్పి పరిచే ఉంటుంది. నేలంతా గుడ్డముక్కలు. ఊడ్చినవాళ్ల వెనకాలే మళ్లీ రాలుతుంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. హోటళ్లకి, ఆసుపత్రులకి, బళ్లకి యూనిఫారాలు కుట్టి పంపడం అక్కడి పని. అంటే ఒకే చొక్కాని మళ్లీ మళ్లీ కుట్టాలి. మొదటి చొక్కా మీద ఉన్న శ్రద్ధ చివరి చొక్కా మీద ఎవరికీ ఉండదు. అది ఉండేట్టు చూడటమే మాస్టరు ఉద్యోగం. మా మామయ్య ఆ ఉద్యోగాన్ని ఏళ్ల తరబడి ఒకే ఒక్క మాటతో లాగించాడు. ఆ మాట "బ్రహ్మాండం".

మిషన్ల మధ్య నడుస్తూ, కుట్టినదాన్ని ఎత్తి వెలుతురుకి పట్టుకుని, "బ్రహ్మాండం" అని ముందుకు సాగిపోయేవాడు. కుట్టు తిన్నగా ఉంటే బ్రహ్మాండం. పాములా మెలికలు పోతే బ్రహ్మాండం. ఒకసారి ఎవరో రెండు భుజాలకీ ఎడమచెయ్యే కుట్టి చూపించారు. "బ్రహ్మాండం" అని రెండు మిషన్లు దాటాక ఆగాడు, వెనక్కి తిరిగి చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మళ్లీ ముందుకే నడిచాడు. అలా ఆయన పేరు బ్రహ్మాండం మాస్టరుగా స్థిరపడింది. పాపం, ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

ఆయన అలా తయారవడానికి కారణం ఉంది. ఆయన పని నేర్చుకున్న చోట పెద్దమాస్టరు ఒకడుండేవాడు. గజంబద్ద అతని చేతికి ఆరో వేలు లాంటిది. కుట్టు జారితే వేళ్ల గణుపుల మీద ఒక్కటి పడేది. తిట్టు ముందొచ్చేదో దెబ్బ ముందొచ్చేదో తేల్చుకునే వ్యవధి ఉండేది కాదు. నా కింద మనుషులంటూ పనిచేస్తే ఒక్కణ్ణి కూడా నొప్పించను అని మామయ్య అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. మంచి ఒట్టే. కాకపోతే దాన్ని ఎక్కడ ఆపాలో చూసుకోలేదు. పాము కరిచిందని తాడుని కూడా వదిలేసి నూతిలో పడ్డవాడి వరస.

కార్ఖానాలో కాలర్లన్నీ కుట్టేది ఒకామె. అందరికీ కాలరక్క. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని రోజుల్లో వచ్చి, మామయ్య పక్కన నిలబడి నేర్చుకున్న మనిషి. చొక్కాలో కష్టమైన భాగం కాలరు. లోపల బిరుసుగా ఉండే బకరం గుడ్డ పెట్టాలి, రెండు మొనలూ కవలపిల్లల్లా ఉండాలి, మడిస్తే మెడ చుట్టూ తనంతట తనే ఒదిగి కూర్చోవాలి. ఆమె చేతిలో అలాగే కూర్చునేవి. హోటలువాళ్లు ఊళ్లో ఇన్ని కార్ఖానాలుండగా మామయ్య దగ్గరికే రావడానికి కారణం ఆ కాలర్లే. ఇది అందరికీ తెలుసు. ఆమెకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమె వెనక మిషను మీద జేబులు కుట్టేవాడు తొందరయ్య. ఇది అందరూ పెట్టిన పేరు. అతనికి అన్నీ తొందరే. టీకి తొందర, అన్నానికి తొందర, ఇంటికి తొందర. ఆ మధ్య ఖాళీ దొరికినప్పుడు జేబులు.

ఒకనాడు హోటలు సర్వర్లవి, రెండు జేబుల చొక్కాలు వచ్చాయి. మామయ్య కాలరక్క దగ్గర ఆగి, కాలరు ఎత్తి చూసి, "బ్రహ్మాండం" అన్నాడు. వెనక్కి జరిగి తొందరయ్య జేబులు చూసి, "బ్రహ్మాండం" అన్నాడు. ఆ జేబుల్లో ఒకటి భుజం వైపు ఎక్కుతోంది, రెండోది బొడ్డు వైపు దిగుతోంది. మధ్యాహ్నం అన్నాల వేళ మామయ్య ఆ చొక్కాల మూటని చంకన పెట్టుకుని, పిల్లిలా నడిచి, కాలరక్క బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, ఈ జేబులొకసారి విప్పి కుట్టెయ్. నీ చేతిలో చిటికెలో పని."

ఇది కొత్తేం కాదు. ఎవరి పని చెడినా ఆఖరికి ఆమె మిషను మీదకే చేరేది. బాగా చేసినందుకు ఆమెకి దొరికే బహుమానం ఇంకొకడు చెడగొట్టిన పని. చెడగొట్టినందుకు తొందరయ్యకి దొరికే శిక్ష టీకి త్వరగా వెళ్లడం. కాలేజీలో ఇలాంటివి నేర్పుతారేమో నాకు తెలీదు, నేర్పేదాకా నేనక్కడ లేను. కానీ గాడిదకి కూడా అర్థమయ్యే సంగతి ఇది.

ఆ రోజు కాలరక్క మూట ముట్టుకోలేదు. పైనున్న చొక్కా ఒకటి తీసి, విప్పి పట్టుకుంది.

"మాస్టరు గారూ, ఇందాక నా కాలరు చూసి ఏమన్నారు?"

"బ్రహ్మాండమన్నాను."

"ఈ జేబుని చూసి?"

మామయ్య కిటికీలోంచి వీధిలోకి చూశాడు. అక్కడ చూడదగ్గది ఏమీ లేదు.

"పొద్దున లేచి, తల వంచి, మెడ పట్టేసేదాకా కుడితే నాదీ బ్రహ్మాండమే. టీ కొట్టుకి పోతూ పోతూ గీకితే వాడిదీ బ్రహ్మాండమే. అయితే నేనెందుకు వంచాలి మెడ? ఇన్నేళ్లలో నా పని బాగుందో లేదో నాకు తెలీదు మాస్టరు గారూ. నిజంగా తెలీదు. ఎదురు షాపువాళ్లు రమ్మంటున్నారు. ఈ వారం ఆఖరుకి మానేస్తాను."

గొంతు పెంచలేదామె. పెంచి ఉంటే మామయ్యకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఎదురు షాపు అంటే వీధికి అవతల కొత్తగా వెలిసిన కార్ఖానా. అద్దాల తలుపు, లోపల ఎప్పుడూ వెలిగే లైట్లు. కాలరక్క వెళ్తే కాలరు వెళ్తుంది, కాలరు వెళ్తే హోటళ్లు వెళ్తాయి. ఇక మామయ్య ఖాళీ బల్ల చుట్టూ తిరుగుతూ తనకి తానే బ్రహ్మాండం చెప్పుకోవాలి. అదొక్కటే కాదు. ఆయన చేత్తో పని నేర్పిన మనిషి, నా పని ఎలా ఉందో నాకే తెలీదని వెళ్లిపోతోంది. ఆ మాట ఆయన్ని గజంబద్దకన్నా గట్టిగా తాకింది.

మర్నాడు ఆయన చేసిన మొదటి పని, ఆమెకి వీపు ఆనించుకునే కొత్త కుర్చీ తెప్పించడం. దాంతోపాటు ఒక హోదా కూడా ఇచ్చాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వు సీనియర్ కాలర్ ఇన్‌ఛార్జివి."

"అంటే ఏం చెయ్యాలి?"

"ఇప్పుడు చేసేదే."

"కుర్చీ బాగుంది మాస్టరు గారూ," అంది ఆమె కూర్చుంటూ. "ఎదురు షాపులో కూడా కుర్చీలుంటాయి."

రెండో పని ఇంకా ఘనమైనది. మిషన్లన్నీ ఆపించి మీటింగు పెట్టాడు. ఒక్కణ్ణి పిలిచి చెప్పే ధైర్యం లేనివాళ్లందరూ కనిపెట్టిన ఉపాయమే మీటింగు. బల్లకి ఆనుకుని నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, సీలింగు ఫ్యానుకి ఉపన్యాసం ఇచ్చాడు.

"మనలో కొందరి పనిలో... అంటే ఎవరని కాదు... అక్కడక్కడ చిన్న చిన్న... అందరూ కాస్త జాగ్రత్తగా ఉంటే బాగుంటుందని."

అందరికన్నా ఎక్కువగా తల ఊపింది తొందరయ్య. "కరెక్టు మాస్టరు గారూ," అన్నాడు. "కొందరికి బొత్తిగా శ్రద్ధ లేదు. నేనే చెబుదామనుకుంటున్నాను."

మూలన కూర్చుని చేత్తో కాజాలు కుట్టే పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఆ గదిలో అందరికన్నా పెద్దది, జన్మలో ఒక్క జేబు కూడా ముట్టుకోలేదు. ఆవిడ కొంగు కళ్లకి అద్దుకుంది.

"నాయనా, నా కళ్లు మందగించాయని నాకు తెలుసు. నువ్వు మంచివాడివి కాబట్టి పేరు పెట్టి అనలేదు. రేపట్నుంచి రానులే."

"అయ్యో పెద్దమ్మా, నిన్ను కాదు."

"మరెవర్ని?"

మామయ్య మళ్లీ ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను ఏం చెబుతుంది. గుంపులోకి రాయి విసిరితే ఇంతే, తగలాల్సినవాడు వంగుతాడు, తగలకూడనివాళ్ల నెత్తి పగులుతుంది. పెద్దమ్మని ఓదార్చి మళ్లీ సూది పట్టించేసరికి పూట గడిచిపోయింది. కాలరక్క ఈ తతంగమంతా చూసి, చిన్నగా నవ్వి, కాలరు కుట్టుకుంటూ కూర్చుంది. ఆ నవ్వుతో మామయ్యకి ఉన్న కాస్త ఆశా అడుగంటింది.

సాయంత్రం భోజనాల దగ్గర సంగతంతా అత్తయ్యకి చెప్పాడు. మా అత్తయ్య ఆయనకి పూర్తిగా రెండో కొస. వంకర కనిపిస్తే వంకర అనే మనిషి. దాని మీద ఆమెకి నిద్ర చెడిన రోజు లేదు.

"ఏవండీ, మీకు నోరుందా, గుండీ పెట్టి కుట్టేశారా? వాణ్ణి పిలిచి జేబు బాలేదని చెప్పడానికేం?"

"బాధపడతాడే."

"ఇప్పుడు పెద్దమ్మ బాధపడింది, ఆ అమ్మాయి బాధపడింది, మీరు బాధపడుతున్నారు. వాడొక్కడే హాయిగా ఉన్నాడు." గిన్నె ముందుకు జరిపింది. "ఇదిగో, ఈ కూరలో ఉప్పు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. తిని ఎలా ఉందో చెప్పండి. ముందిక్కడ నేర్చుకోండి."

మామయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. "బ్ర" అన్నాడు.

"ఆ మాటంటే గిన్నె తీసేస్తాను."

"కూర బాగానే ఉందే. ఉప్పే కొంచెం మొహమాటపడినట్టుంది."

"మొహమాటం ఉప్పుది కాదు, మీది. సరిగ్గా చెప్పండి."

"ఈ మధ్య అందరిళ్లలోనూ ఉప్పు తగ్గిస్తున్నారట. ఆరోగ్యానికి..."

నాకు పొలమారింది. అత్తయ్య నా నెత్తిన ఒకటి తట్టి, "నువ్వు నవ్వకురా, నీదీ ఆ రక్తమే. కాలేజీకి పోవట్లేదని మీ అమ్మకి చెప్పడానికి ఎన్నాళ్లు నీళ్లు నమిలావో నాకు తెలుసు," అంది. నేను బుద్ధిగా చప్పిడి కూర తినడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత ఆమె వేళాకోళం మానేసింది. మామయ్య కంచం వైపు చూస్తూ, "మీ పెద్దమాస్టరు కొట్టేవాడు, నిజమే. మరి కొట్టి ఊరుకునేవాడా?" అంది.

"ఊరుకోవడమా. కుట్టు చూపించి, ఎక్కడ తప్పిందో అరిచి చెప్పి, విప్పించి, మళ్లీ కుట్టించేవాడు."

"మీరు కొట్టడం మానేశారు, సంతోషం. చూపించడం ఎందుకు మానేశారు?"

మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత కంచం కొంచెం దూరం జరిపి, చిన్న గొంతుతో, "ఇందులో ఉప్పు లేదే," అన్నాడు. "తినలేకపోతున్నాను."

"హమ్మయ్య," అని అత్తయ్య ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "చూశారా, నేనేం ఏడవలేదు."

మర్నాడు పొద్దున్నే తొందరయ్యని ఒక్కణ్ణే బల్ల దగ్గరికి పిలిచాడు. చొక్కా పరిచి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, "ఈ జేబు బాలేదు," అన్నాడు. అని కళ్లు మూసుకున్నాడు, ఏదో కూలుతుందన్నట్టు. ఏదీ కూలలేదు.

"ఏం, ఏమైంది?" అన్నాడు తొందరయ్య.

"పైకి ఎక్కుతోంది."

"రెండోది?"

"అది దిగుతోంది."

"అయితే సరికి సరి అయిందిగా మాస్టరు గారూ."

మామయ్యకి నవ్వొచ్చింది, కానీ వెనక్కి తగ్గలేదు. "కాలేదు. రెండూ విప్పాలి. నువ్వే విప్పాలి."

తొందరయ్య బుర్ర గోక్కున్నాడు. "మరి ఇన్నాళ్లూ బ్రహ్మాండం అన్నారేం? నేను నా చేతిలో ఏదో కళ ఉందనుకున్నాను. మా ఇంట్లో కూడా చెప్పేశాను."

"జేబు పెట్టేముందు కొలుస్తున్నావా?"

"కొలుస్తున్నాను. కంటితో."

"సుద్దతో గీత గీసుకుని, గీత మీద జేబు పెట్టాలి కదయ్యా."

"గియ్యమని ఎవరు చెప్పారు?"

చెప్పాల్సింది మామయ్యే. సుద్దముక్క తీసి, గుండీపట్టీ నుంచి కొలిచి, రెండు పక్కలా గీతలు గీసి చూపించాడు. జేబుని ముందు పిన్నులతో నిలబెట్టి, దూరంగా పట్టుకుని చూసి, అప్పుడు మిషను కిందికి తొయ్యాలని చెప్పాడు. అంతా కలిపి ఒక టీ తాగేంతసేపు కూడా పట్టలేదు. తొందరయ్య మూట తన మిషను మీదికే మోసుకెళ్లాడు, గొణుక్కుంటూ విప్పాడు, గొణుక్కుంటూ గీశాడు. టీకి వెళ్లడం మర్చిపోయాడు. అతను మర్చిపోయాడన్న వార్త గదంతా పాకింది. కాజాల పెద్దమ్మ, "ఒంట్లో బాగుందా నాయనా," అని పిలిచి నుదురు ముట్టుకుని చూసింది.

కాలరక్క ఇదంతా గమనించింది. ఒకరోజు పని చూసి మనసు మార్చుకునే మనిషైతే ఇన్నేళ్లు ఓర్చుకుని ఉండదు.

వారం ఆఖరు రానే వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె చేతిలో ఉన్న పని పూర్తిచేసింది. కుట్టిన కాలర్లని దొంతరగా పేర్చింది. మిషనుకి నూనె వేసి, గుడ్డతో తుడిచి, తన సొంత కత్తెర, వేలికి తొడుక్కునే అంగుస్తాను, టేపు తీసి సంచిలో పెట్టుకుంది. గదిలో మిషన్లు తిరుగుతున్నాయి గానీ ఎవరూ కుట్టడం లేదు. మాస్టరు బతిమాలతాడని అందరూ ఎదురుచూస్తున్నారు. నేను కూడా.

మామయ్య వచ్చాడు. ఆమె మొహం చూడలేదు. దొంతరలోంచి పైనున్న కాలరు తీసుకుని, కిటికీ దగ్గరికి నడిచి, తిప్పి చూశాడు, మడిచి చూశాడు, మొనని వేళ్ల మధ్య నలిపి చూశాడు. అంతసేపు ఆయన ఏ పనినీ చూడటం ఆ గదిలో ఎవరూ ఎరగరు.

"ఎడమ మొన మందంగా ఉంది," అన్నాడు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏంటి?" అంది కాలరక్క.

"కుడి మొన సూదిలా ఉంది. ఎడమది కాస్త ముద్దగా ఉంది. లోపల మిగిలిన గుడ్డ పూర్తిగా కత్తిరించకుండా తిప్పేస్తున్నావు. కుడివైపు కత్తిరిస్తావు, ఎడమవైపుకొచ్చేసరికి చెయ్యి అలసిపోతుంది."

ఆమె సంచి భుజాన వేసుకునే ఉంది. నడిచొచ్చి కాలరు లాక్కున్నంత పనిచేసింది. వెలుతురుకి పట్టింది. వేళ్లతో తడిమింది. మొహం ఎర్రబడింది.

"ఇది బట్ట మందం."

"కాదు. బట్ట మందమైతే రెండు వైపులా ఉండాలి."

ఆమె ఇంకో కాలరు తీసి తడిమింది. మరొకటి తీసింది. తర్వాత తల ఎత్తి, "ఇది ఎన్నాళ్లుగా చూస్తున్నారు?" అని అడిగింది.

"మొదటి నుంచీ."

"మొదటి నుంచీ చూస్తూ ఒక్కసారి కూడా చెప్పలేదా?" ఈసారి గొంతు లేచింది. వీధిలోకి కూడా వినబడి ఉంటుంది. "ఇన్ని కాలర్లు, ఇంతమంది మెడల మీదికి, ఇలాగే పోయాయా? మీరు నా మాస్టరు కదా, మీరు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

"తప్పే," అన్నాడు మామయ్య. "నీ అంతటిదానికి చెప్పేదేముందిలే అనుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పలేదు. కాలరు మెడ దగ్గర తిరిగేచోట నువ్వు బకరాన్ని కొంచెం లాగి పట్టుకుంటావు చూడు, అది నేను నేర్పలేదు. నాకు రాదు. నేను చాలాసార్లు ప్రయత్నించాను, ముడతలు పడుతుంది."

"లాగడం కాదు," అంది ఆమె. "బొటనవేలితో తొయ్యాలి. మీరు లాగితే ముడత పడక ఏం చేస్తుంది?"

"తోస్తే జారిపోదూ?"

"జారదు. ఇలా జరగండి, చూపిస్తాను."

సంచి కుర్చీకి తగిలించింది. సంచిలోంచి కత్తెర బయటికొచ్చింది. మామయ్య ముక్కు మిషనుకి తగిలేంత దగ్గరగా వంగాడు. ఇద్దరూ తోయడమా లాగడమా అని పోట్లాడుకుంటుంటే తొందరయ్య నా చెవిలో, "కాలరు బాలేదంటే ఆమెకింత సంతోషమేంట్రా," అన్నాడు. మన పనిని చూసే కళ్లుండాలంతే, తిట్టినా పొగిడినా.

కాసేపటికి ఆమె దొంతరంతా ముందుకు లాక్కుని, ఎడమ మొనలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూనే, తల ఎత్తకుండా, "ఇకమీదట వాడి జేబులు నా మిషను మీదికి రాకూడదు," అంది.

"రావు," అన్నాడు మామయ్య.

"ఎవరివీ రాకూడదు."

"రావు. ఎవరివి వాళ్లే విప్పుకుంటారు."

"ఆ ఇన్‌ఛార్జి హోదా కూడా నాకొద్దు. పిలవడానికి నోరు తిరగదు. కుర్చీ ఉంచుకుంటాను."

సాయంత్రం ఎదురు షాపాయన తనే వీధి దాటి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, రేపొస్తున్నట్టేనా?" అని అడిగాడు. మామయ్య బల్ల మీదికి వంగి గుడ్డ కత్తిరిస్తున్నట్టు నటించాడు. కత్తెరలో గుడ్డే లేదు.

కాలరక్క విప్పిన మొనని నోటితో ఊది, దారప్పోగులు దులిపింది.

"ఈ కాలర్లు సరిగ్గా వచ్చాక చెబుతానండీ," అంది.

ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడూ గుమ్మం దాకా వచ్చి అడిగి వెళ్తుంటాడు. మామయ్యకి ఆ కాలర్లలో ఏదో ఒక లోపం దొరుకుతూనే ఉంది.